ఎర్ర రిబ్బను కాఫీ

తుపాకీ మోత ఎవరికీ వినపడలేదు. అంకారాలో ట్రాలీబస్సు కోసం నిలబడి నువ్వుల రొట్టె తింటున్న మనిషి ఉన్నట్టుండి మోకాళ్ల మీదికి కూలిపోయాడు. పక్కనున్న ముసలాయన కాలుజారిందేమోనని చెయ్యందించాడు. ఆ చెయ్యి ఎర్రగా తడిసింది.

గంట తిరక్కముందే కల్నల్ షెవ్‌కెత్ గదిలో నెజాత్ నిలబడి ఉన్నాడు.

"కూర్చో" అన్నాడు కల్నల్. "నల్లసముద్రం రాడార్ల డిజైన్ మొత్తం ముగ్గురు ఇంజనీర్ల బుర్రల్లో ఉంది. పోయిన నెల ఇజ్మీర్‌లో ఒకడు పోయాడు. ఇవాళ ఇతను. ఇద్దర్నీ దూరం నుంచి రైఫిల్‌తో కొట్టారు. గ్లేసియర్ ముఠా పని."

"మూడో అతను?"

"మిథత్. కుర్రవాడు. ఈ శుక్రవారం సాఫ్రాన్‌బోలులో అతనికి నిశ్చితార్థం. పిల్ల అక్కడిదే. ముఠాలో ఉన్న మన మనిషి లెర్జాన్ కబురు పంపింది. వాళ్ల నాయకుడు హాల్వర్ స్వయంగా దిగుతున్నాడట. ఊరి పైనున్న హిదిర్లిక్ కొండ మీంచి కొడతాడట."

"అయితే నిశ్చితార్థం వాయిదా వేయిద్దాం సార్."

"వెయ్యం. హాల్వర్ దేశంలోకి అడుగుపెట్టడం మళ్లీ ఎప్పుడో! కొండ నిండా మనవాళ్లుంటారు. నువ్వు పెళ్లికూతురి ఇంట్లో ఉంటావు."

"అంటే పెళ్లికొడుకు ఎర."

"ఆ మాట నేనన్లేదు."

"ఇంట్లోవాళ్లకైనా చెప్పాలి కదా?"

"ఒక్క ముక్క చెప్పడానికి వీల్లేదు. తెలిస్తే మొహంలో కనపడుతుంది. మొహం చూసి హాల్వర్ వెనక్కి తిరుగుతాడు." కల్నల్ సొరుగులోంచి ఇంజనీర్లు వాడే కొలత టేపు తీసి బల్లమీద పెట్టాడు. "లోపల వైర్‌లెస్ ఉంది. నువ్వు పాత ఇళ్లు కాపాడే ఆఫీసు తరఫున కొలతలు తియ్యడానికి వచ్చావు. ఆ ఊరంతా పాత ఇళ్లే. ఎవరికీ అనుమానం రాదు."

నెజాత్ ఆ టేపు జేబులో వేసుకున్నాడు. బరువేమీ లేదు. ఆ క్షణంలో అలాగే అనిపించింది.

*

పెళ్లికూతురి అవ్వ నాదిదె హానుమ్ ఇంటి తలుపు తట్టిన మొదటిరోజే అతనికి ఆ టేపు బరువు తెలిసింది.

ఆమెకు డెబ్బై దాటాయి. భర్త లేడు, కొడుకూ కోడలూ లేరు, ఉన్నది మనవరాలు గుల్ఫెమ్. రెండొందల ఏళ్ల ఇల్లు. కింద రాయి, పైన చెక్క, ఆపైన ఎర్ర పెంకులు. వాలు మీద మెట్లు మెట్లుగా నిలబడిన ఆ ఊరి ఇళ్లలో ఒకటి ఇంకోదాని ఎండకు అడ్డం రాదు. కట్టినవాళ్ల మర్యాద అది.

పాత ఇళ్ల ఆఫీసు అనగానే ఆమె కళ్లు మెరిశాయి.

"వచ్చావా నాయనా! రెండేళ్లుగా అడుగుతున్నాను, ఎవరూ రాలేదు. రా, ముందు పైకి రా, ఈ కారడం చూడు." మేడమీది గదిలో చుక్క చుక్కకీ ఒక గిన్నె పెట్టి ఉంది. రాగిగిన్నె, మట్టిగిన్నె, గుల్ఫెమ్ చిన్నప్పటి స్నానాల తొట్టి. "వానొస్తే మా ఇంట్లో బ్యాండు మేళం. రాసుకో, రాసుకో. పైకప్పు అని పెద్దక్షరాలతో రాసుకో."

అతను రాసుకున్నట్టు నటించాడు. టేపు గోడకి ఆనించి లాగాడు.

"నువ్వు అది సాగదీసినప్పుడల్లా నాకు ధైర్యం వస్తోంది" అందామె. "ఇక తిను. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నావు. మీ ఆఫీసులో అన్నం పెట్టరా?"

పెరుగు కూరిన పిండి బుట్టలు పెట్టింది. కుంకుమపువ్వు వేసిన పచ్చటి పాయసం పెట్టింది. చాలు పెద్దమ్మా అంటే వినిపించుకోలేదు. నెజాత్ పదేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాడు. పూజారి వేషం, తాగుబోతు వేషం, శవం వేషం కూడా వేశాడు. ఏ వేషంలోనూ ముద్ద గొంతుకి అడ్డం పడలేదు. ఇక్కడ పడింది.

*

లెర్జాన్‌ని మర్నాడు పొద్దున్నే ఊరి బయట కుంకుమపువ్వు పొలంలో కలిశాడు. ఎండ పడితే పువ్వు వాడిపోతుంది కాబట్టి ఆడవాళ్లంతా చీకటి విడుతుండగానే వచ్చి ఊదారంగు పూలు గిల్లుతున్నారు. వాళ్ల మధ్య పొడుగాటి లెదర్ కోటు, మెడలో కెమెరా, వేలికి పెద్ద పచ్చరాయి ఉంగరం. పొలమంతా ఆమెనే చూస్తోంది.

"అమ్మాయ్, ఆ కోటుతో వంగితే నువ్వు లేవలేవు!" అని ఒకావిడ కేకేసింది.

"లేపడానికి అదిగో ఒకాయనొస్తున్నాడు" అని ఇంకొకావిడ అందుకుంది. అందరూ గొల్లున నవ్వారు.

నెజాత్ దగ్గరికొచ్చి కోడ్ చెప్పాడు. "ఈ ఏడు పువ్వు ఎలా ఉంది?"

"కోసేవాళ్లకే తెలియాలి." జవాబు సరిగ్గా వచ్చింది. తరవాత ఆమె గొంతు తగ్గించింది. "హాల్వర్ దిగాడు. కుంకుమపువ్వు వ్యాపారి వేషం. సరుకు పెట్టెలో రైఫిల్ ఉంది. మగవాళ్ల గది కిటికీ కొండకి సూటిగా ఉంటుంది కదా, అక్కణ్ణించే."

"కిటికీకి లోపలి తలుపులు వేయిస్తాను."

"నన్ను ఆడవాళ్ల వైపు ఉంచు. మీ ఆఫీసు ఫోటోగ్రాఫర్‌నని చెప్పు. అక్కడ ఇంకెవరైనా చొరబడితే నేను చూసుకుంటాను."

ఆలోచన బాగానే ఉంది. అతనే ఆమెని వెంటబెట్టుకుని వెళ్లాడు. అతనే పరిచయం చేశాడు. "మా ఆఫీసు మనిషే పెద్దమ్మా, మంచి పిల్ల" అన్నాడు.

నాదిదె హానుమ్ లెర్జాన్ బుగ్గలు పట్టుకుని ముద్దుపెట్టుకుంది. "నువ్వు తెచ్చావంటే మంచిదే అయ్యుంటుందిలే."

*

గురువారం మధ్యాహ్నం వంటింట్లో గుల్ఫెమ్ కాఫీ గింజలు విసురుతోంది. లెర్జాన్ ఫోటోలకని బజారుకి వెళ్లింది. నెజాత్ ఆడవాళ్ల వైపుకీ మగవాళ్ల వైపుకీ మధ్య గోడలో ఉన్న తిరుగుడు బీరువా కొలుస్తున్నాడు. నిలువుగా పెట్టిన పీపాలాంటిది అది. ఇటు పళ్లెం పెట్టి తిప్పితే అటు వెళ్తుంది. వడ్డించిన చెయ్యి అవతలివాళ్లకి కనపడదు.

వేరే ఇళ్లలో ఈ రోజుల్లో పెళ్లికూతురే పళ్లెం పట్టుకొచ్చి కాఫీ ఇస్తోంది. నాదిదె హానుమ్ మాత్రం ఒప్పుకోలేదు. "నా కాఫీ ఇందులోంచే వెళ్లింది, మా అత్తగారిదీ ఇందులోంచే. దీనిదీ ఇందులోంచే."

"అవ్వా" అంది గుల్ఫెమ్ చిన్నగా, "నేను ఉప్పు వెయ్యను."

విసుర్రాయి ఆగినంత పనైంది. పెళ్లికూతురు పెళ్లికొడుకు కాఫీలో పంచదారకి బదులు ఉప్పు వేస్తుంది. అతను మొహం చిట్లించకుండా ఒక్క గుక్కలో తాగాలి. తాగితే ఓర్పున్నవాడు. ఆ దేశంలో అది తెలియనివాళ్లుండరు.

"వెయ్యవా? ఊరేమంటుంది?"

"ఆయనకి కడుపులో పుండు ఉంది అవ్వా. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడట. ఇద్దరు స్నేహితులు పోయినప్పటి నుంచీ నిద్ర కూడా లేదు. పంచదారే వేస్తాను, రెండు చెంచాలు. ఎవరికీ చెప్పకు. ఆయన మొహం చిట్లించకపోతే అందరూ శెభాష్ అంటారు. అననీ!"

ముసలామె మనవరాలివైపు చూసింది, తరవాత నెజాత్ వైపు చూసింది. "నువ్వు విన్లేదు."

"ఏమీ విన్లేదు పెద్దమ్మా."

"ఉప్పు లేదని బయటికి పొక్కితే, కొండమీద చెట్టుకి కట్టేసి కొలతలు తీయిస్తా నీకు."

అతను నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. ఈ పిల్ల ఆ కుర్రవాడి కడుపు గురించి బెంగపెట్టుకుంటోంది. ఆ కుర్రవాణ్ణి తీసుకెళ్లి తను రైఫిల్ ముందు కూర్చోబెడుతున్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. టేపు జేబులో చిన్నగా గిరగిరమంది. కల్నల్ పిలుస్తున్నాడు. నోరు మూసుకుని పెరట్లోకి నడిచాడు.

*

శుక్రవారం. మగవాళ్ల గది నిండిపోయింది. పెళ్లికొడుకు మిథత్ సన్నగా, కళ్లద్దాలతో, మెడకి పెద్దదైన కాలరుతో గోడవారన బల్లమీద కూర్చున్నాడు. పక్కన అతని మేనమామ రిఫ్కీ, కమ్మరి బజారులో పేరున్న పనివాడు, ఊరందరికీ బాబాయి.

"ఏరా మిథత్, రాడార్లు తిప్పేవాడివి, కాఫీకి భయపడతావేంట్రా?" అన్నాడు రిఫ్కీ. "నా పెళ్లప్పుడు మీ అత్త ఉప్పుతో ఆగలేదు, మిరియాలు కూడా వేసింది. ఇప్పటికీ కారంగానే ఉంది."

గది ఘొల్లుమంది. నెజాత్ కిటికీ తలుపులు ఎప్పుడో మూయించేశాడు. చెవి దగ్గరున్న టేపులో కల్నల్ గొంతు సన్నగా వినపడింది.

"హాల్వర్ దొరికాడు. బస్టాండులో. సామానుతో ఊరు దాటిపోతున్నాడు. పెట్టెలో రైఫిల్ ఉంది, గుండ్లు మాత్రం లేవు. కొండమీద ఇంకెవరూ లేరు. మిషన్ అయిపోయింది. శెభాష్."

నెజాత్ గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. ఆ వెంటనే ఇంకో చిన్న రాయి వచ్చి కూర్చుంది. చంపడానికి వచ్చినవాడు చంపకుండా ఊరు ఎందుకు దాటుతాడు? గుండ్లు లేని రైఫిల్ ఎందుకు మోస్తాడు?

గోడలో బీరువా కిర్రుమని తిరిగింది. పళ్లెం వచ్చింది. బుల్లి కప్పుల మధ్య ఒకదాని చెవికి ఎర్ర రిబ్బను ముడి.

"వచ్చిందొచ్చింది!" రిఫ్కీ ఆ కప్పు తీసి మేనల్లుడి చేతిలో పెట్టాడు. "ఒక్క గుక్క. కన్ను చెదరకూడదు. మన వంశం పరువు."

మిథత్ బిస్మిల్లా అని కప్పు పెదాలకి ఆనించాడు. కొంచెం చప్పరించాడు. కళ్లద్దాల వెనక కళ్లు ఒక్కసారి నీళ్లతో నిండిపోయాయి. దవడ బిగుసుకుంది. అయినా పెదాల మీద చిరునవ్వు చెక్కు చెదరలేదు.

"ఓహో! బస్తాడు గుమ్మరించిందిరా!" అని ఎవరో తొడగొట్టారు.

మిథత్ ఊపిరి బిగబట్టి మొత్తం మింగడానికి కప్పు ఎత్తాడు.

ఉప్పు లేదు. నెజాత్‌కి గుల్ఫెమ్ గొంతు గుర్తొచ్చింది. పంచదార, రెండు చెంచాలు. పంచదార కాఫీకి కళ్లలో నీళ్లెందుకొస్తాయి?

ఒక్క గెంతులో గది దాటాడు. చేత్తో కప్పుని కొట్టాడు. కాఫీ పెళ్లికొడుకు తెల్ల చొక్కా మీదా, పాత తివాచీ మీదా చిమ్మింది. రిబ్బనుతో సహా కప్పు దొర్లుకుంటూ వెళ్లి రిఫ్కీ కాలికి తగిలి ఆగింది.

"ఒరేయ్! పిచ్చి పట్టిందా నీకు?" రిఫ్కీ లేచాడు. సుత్తి పట్టే చేతులు నెజాత్ కాలరు పట్టుకున్నాయి.

"మిథత్, ఉమ్మెయ్యి. ఉమ్మెయ్యి!" నెజాత్ గొంతు గుసగుసలా ఉన్నా కత్తిలా ఉంది. "అందులో విషం ఉంది. బాబాయ్, నన్ను తరవాత తన్నండి. ఇప్పుడు నవ్వండి."

"ఏమిటీ?"

"అటు వినపడాలి. పెళ్లికొడుకు తాగేశాడని అరవండి. గట్టిగా నవ్వండి!"

రిఫ్కీ అతని కళ్లలోకి చూశాడు. అక్కడేం కనిపించిందో, చేతులు వదిలేశాడు. "తాగేశాడ్రోయ్!" అని కేకపెట్టాడు. "సింహంరా నా మేనల్లుడు!" మొహంలో నెత్తురు చుక్క లేని మగవాళ్లందరూ పెద్దగా నవ్వారు. అంత భయంగా నవ్వడం నెజాత్ ఎక్కడా విన్లేదు.

తాగిన కప్పులు బీరువాలోంచే వెనక్కి వెళ్తాయి. విషం వేసిన మనిషికి ఆ కప్పు అందరికంటే ముందు కావాలి. కడగాలి. నెజాత్ రిబ్బను కప్పు తీసి పళ్లెంలో పెట్టి బీరువా తిప్పాడు, పూర్తిగా కాదు, సగం. సందులోంచి అవతలి వెలుతురు కనపడింది.

ఒక చెయ్యి లోపలికొచ్చింది. కప్పు కోసం తడిమింది. వేలికి పచ్చరాయి ఉంగరం. రాయి మూత తెరిచి ఉంది, లోపల ఖాళీ.

నెజాత్ ఆ మణికట్టు పట్టేసుకున్నాడు.

అటు పక్క చెయ్యి ఒక్కసారి గుంజుకుంది, అతను వదల్లేదు.

"వదులు నెజాత్" అంది లెర్జాన్ గొంతు నెమ్మదిగా.

"కొండ, రైఫిల్, హాల్వర్. అంతా మమ్మల్ని అటు చూడమనేగా?"

"నువ్వే తెచ్చి ఈ ఇంట్లో పెట్టావు నన్ను. ఆమె చేత ముద్దులు పెట్టించావు. ఇంటివాళ్లకి అబద్ధం చెప్పి అన్నం తిన్నది నేనొక్కదాన్నేనా? నీకూ నాకూ తేడా ఏంటో చెప్పు, వదలమని అడగను."

నెజాత్ వేళ్లు ఒక్క క్షణం సడలాయి. ఆ క్షణమే ఆమెకి కావలసింది. రెండో చేతిలో సన్నటి సూది తళుక్కుమంటూ సందులోంచి అతని మణికట్టు మీదికి దూసుకొచ్చింది.

ఠంగుమని మోగింది. సూది కింద పడింది. ఆ తరవాత లెర్జాన్ కూడా పడింది.

"రాగి చెంబు" అంది నాదిదె హానుమ్ గొంతు గోడ అవతల్నించి, ఆయాసపడుతూ. "మా అత్తగారిది. ఇప్పుడు ఎవరైనా నాకు ఇదంతా ఏంటో చెప్తారా?"

*

మిథత్ మింగింది చప్పరించినంతే. అయినా ముసలామె ఊరుకోలేదు. చెంబుడు ఉప్పునీళ్లు కలిపి పెరట్లో నిలబెట్టి తాగించి, కక్కించింది. ఉప్పు వద్దని గుల్ఫెమ్ అంత తాపత్రయపడితే, చివరికి అతని ప్రాణానికి అదే మందైంది. గుల్ఫెమ్ అతని వీపు నిమురుతూ ఏడుస్తోంది, అతను కక్కుతూనే ఆమెని ఊరుకోబెడుతున్నాడు. అంకారా నుంచి వచ్చిన డాక్టరు భయం లేదన్నాడు. లెర్జాన్‌ని కల్నల్ మనుషులు తీసుకెళ్లిపోయారు.

నాదిదె హానుమ్ వంటింటి గడపలో కూర్చుంది. నెజాత్ ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వు పాత ఇళ్ల ఆఫీసు మనిషివి కావన్నమాట."

"కాదు పెద్దమ్మా."

"మరి ఆ కొలతలు?"

అతను తల దించుకున్నాడు.

"పోనీలే, ఇల్లు ముసల్ది. పిల్లాడికి ప్రాణగండం ఉందని నీకు ముందే తెలుసా?"

అబద్ధానికి అవకాశం ఉంది. రహస్యం అనొచ్చు, దేశం కోసమనొచ్చు. కల్నల్ అయితే అదే అనేవాడు.

"తెలుసు" అన్నాడు.

"నా వంటింట్లో కూర్చుని పాయసం తింటున్నప్పుడు తెలుసా?"

"తెలుసు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండును అనుకున్నాడు. ఆమె లేచి వెళ్లి, కాఫీ మరకల తివాచీ చుట్టి, పెరట్లోకి ఈడ్చుకుపోయింది. సాయం పట్టబోతే చేత్తోనే వద్దంది.

*

కల్నల్ పతకానికి సిఫారసు చేస్తానన్నాడు. నెజాత్ సెలవడిగాడు.

"ఎందుకు?"

"పైకప్పు పని ఉంది సార్."

"నీకు ఇల్లే లేదు కదయ్యా!"

పాత ఇళ్ల ఆఫీసుకి వెళ్తే ఇంజనీరు టూర్లో ఉన్నాడన్నారు. మళ్లీ వెళ్తే గుమాస్తా సెలవన్నారు. మూడు దేశాల సరిహద్దులు దొంగపాస్‌పోర్టుతో దాటిన మనిషి ఆ గుమాస్తా బల్ల దాటలేకపోయాడు. చివరికి తనే పెంకులు కొని లారీ ఎక్కించాడు.

చలిగాలి కొండలోయలోంచి కోస్తూ వస్తోంది. రిఫ్కీ నిచ్చెన పట్టుకున్నాడు. "గూఢచారులు కప్పు ఎక్కేది ఇంట్లో దూకడానికనుకున్నా" అన్నాడు. "పెంకు తిరగేసి పెడుతున్నావ్, బాబూ. అలా కాదు, ఇలా." నెజాత్ సరిగా పెట్టడం నేర్చుకున్నాడు. గుల్ఫెమ్ పెళ్లికి పిలుపు చెప్పి వెళ్లింది. నాదిదె హానుమ్ మాత్రం వాకిట్లోకి వచ్చి, పైకి చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయేది.

చివరి పెంకు పెట్టిన సాయంత్రం జోరుగా వాన పట్టింది. మేడమీది గిన్నెల్లో ఒక్క చుక్క పడలేదు. తడిసిన బట్టలతో మగవాళ్ల గదిలో ఒంటరిగా కూర్చున్నాడు. సంచీ సర్దుకుంటున్నాడు.

గోడలో బీరువా కిర్రుమంది.

లోపల ఒకే ఒక కప్పు. దాని చెవికి ఎర్ర రిబ్బను.

నెజాత్ కప్పు అందుకున్నాడు. అవతల ఆమె నిలబడే ఉంది, ఊపిరి వినపడుతోంది. కప్పెత్తి ఒక్క గుక్కలో తాగాడు. అది కాఫీ కాదు, నల్లసముద్రం. నాలుక మండింది, గొంతు పట్టేసింది, కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. మొహంలో ఒక్క గీత కూడా కదలనివ్వలేదు. చూసేవాళ్లెవరూ లేరని తెలిసినా కదలనివ్వలేదు. మడ్డి దాకా తాగి, కప్పు బీరువాలో పెట్టి తిప్పాడు.

"ఎలా ఉంది?" అంది గోడ అవతల గొంతు.

"బ్రహ్మాండంగా ఉంది పెద్దమ్మా."

తరవాత రాగి గిన్నెలో చెంచా గలగలలాడింది.

"అబద్ధాల ఉద్యోగం, అలవాటెక్కడికి పోతుంది? ఉండు, ఇంకో కప్పు కలుపుతున్నా."